నల్లమలకు ఏడాదిలో నాలుగు రంగులు

ఫోన్‌లో మ్యాప్ తెరవండి. శాటిలైట్ వ్యూ పెట్టి, హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి మీద వేలు జరుపుకుంటూ వెళ్లండి. డిండి దాటి, హాజీపూర్ దాటి మన్ననూరు దగ్గరికి రాగానే పొలాల గళ్లు అయిపోతాయి. ముడతలు పడ్డ దుప్పటిలాంటి కొండలు మొదలవుతాయి. అదే నల్లమల.

ఇప్పుడు చెప్పండి, దాని రంగేమిటి?

పచ్చగా ఉందని కొందరంటారు, మట్టిరంగులో ఉందని ఇంకొందరంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. మ్యాప్‌లో మనకు కనిపించేది ఒక్కరోజు తీసిన ఫొటో కాదు. వేర్వేరు రోజుల్లో, ఒక్కోసారి వేర్వేరు ఏళ్లలో తీసిన ముక్కల్ని అతికించి చేసిన బొంత. పైగా మబ్బుల్లేని రోజులే ఏరుకుంటారు కాబట్టి, వానాకాలపు అడవి అందులో దొరకడం అరుదు. అందుకే మనం చూస్తున్నది ఏ నెల అడవో మనకు తెలీదు.

ఎప్పుడూ పచ్చగా ఉండే అడవికి ఇదో సమస్యే కాదు. నల్లమల అలాంటిది కాదు. ఇందులో ఎక్కువ భాగం ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, మోదుగ, ఇప్ప, తునికి, అందుగు... వీటిలో ఎక్కువ చెట్లు ఏడాదికోసారి ఒంటిమీది ఆకంతా దులిపేసుకుంటాయి. ఇలాంటి అడవిని ఒక్క ఫొటో చూసి ‘బాగుంది’ అనో ‘పోయింది’ అనో అనేస్తే, అది మనిషిని నిద్రలో చూసి ‘పాపం’ అన్నట్టే ఉంటుంది.

అందుకే కిందటి నవంబరు నుంచి ఈ ఆగస్టు దాకా ఒక పని పెట్టుకున్నాను. మన్ననూరు, ఫర్హాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట కలిసేలా మ్యాప్ మీద ఒక చదరం గీసుకున్నాను. ఉపగ్రహం తీసిన కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా దాన్ని ఫోన్‌లో దాచుకున్నాను. మధ్యలో నాలుగుసార్లు బస్సెక్కి వెళ్లి, అదే అడవిని కింద నుంచి చూసొచ్చాను.

ఐదు రోజులకో ఫొటో

ఈ బొమ్మలు ఎక్కడివి? ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలవి. మొదటిది 2015లో, రెండోది 2017లో పైకి వెళ్లాయి. 786 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, ఒక్కో విడతకు 290 కిలోమీటర్ల వెడల్పు నేలను ఫొటో తీస్తాయి. జంటగా తిరుగుతాయి కాబట్టి ఒకే చోటు ఐదు రోజులకోసారి మళ్లీ కంటబడుతుంది. ఆ ఫొటోలన్నీ అందరికీ ఉచితం. మీరూ నేనూ కూడా చూడొచ్చు.

ఈ ఫొటోలో ఒక్కో చుక్క నేలమీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. ఒక పెద్ద చెట్టూ, పక్కన దాని తమ్ముళ్లు ఒకరిద్దరూ పట్టేంత. కొమ్మలు కనిపించవు, పులి అసలే కనిపించదు. రంగు మాత్రం బాగా కనిపిస్తుంది. అదీ మన కంటికి కనిపించని రంగుతో సహా.

ఆ రంగు పేరు పరారుణం. ఆకులోని పత్రహరితం సూర్యకాంతిలో ఎరుపుని తాగేస్తుంది, ఆహారం వండుకోవడానికి అదే కావాలి కాబట్టి. దాని పక్కనే ఉండే పరారుణ కాంతితో ఆకుకు పని లేదు. ఆకు లోపల స్పాంజిలా ఉండే కణాలు దాన్ని చాలావరకు వెనక్కి తోసేస్తాయి. కాబట్టి ఎరుపు తక్కువగా, పరారుణం ఎక్కువగా తిరిగొస్తే అక్కడ ఆరోగ్యంగా ఉన్న ఆకు ఉన్నట్టు.

దీన్ని ఒక చిన్న లెక్కలో పెట్టారు. పరారుణం నుంచి ఎరుపుని తీసేయాలి. వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగించాలి. దట్టమైన ఆకు మీద నుంచి పరారుణం 40, ఎరుపు 5 వచ్చాయనుకుందాం. 35ని 45తో భాగిస్తే దాదాపు 0.78. ఆకు రాలిన చోట పరారుణం 25, ఎరుపు 15 అనుకుంటే 10ని 40తో భాగించాలి, 0.25. అంతే! ఈ అంకె పేరే ఎన్‌డీవీఐ. నీళ్ల మీద ఇది సాధారణంగా సున్నా కంటే కిందికి పోతుంది. శ్రీశైలం జలాశయాన్ని ఆ బొమ్మలో వెతకక్కర్లేదు, తనే కనిపిస్తుంది.

ఈ అంకెను ఏడాది పొడవునా రాసుకుంటూ పోతే ఒక గీత వస్తుంది. పైకెక్కుతుంది, కాసేపు నిలుస్తుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. మన గుండెకు ఈసీజీ తీస్తారు చూడండి, అడవికి ఇది అలాంటిది. కాకపోతే ఒక్క కొట్టుకోవడానికి ఏడాది పడుతుంది.

నవంబరు: రాగి రంగు

మొదటిసారి వెళ్లినప్పుడు మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే చలిగాలి తగిలింది. అడవి ఇంకా నిండుగానే ఉంది. ఆ పచ్చదనంలో మాత్రం పండుబారిన ఛాయ మొదలైంది. గడ్డి ఎండిపోయి బంగారు రంగుకి వచ్చింది. చిరుమాను ఆకులు రాగి రంగులోకి తిరుగుతున్నాయి. టేకాకులు చిల్లులు పడి, అంచులు వడలి, చిన్న గాలికే పెద్ద చప్పుడుతో రాలుతున్నాయి. టేకాకు రాలితే వినిపిస్తుంది, అప్పడం పడ్డట్టు.

పైనుంచి చూస్తే ఏడాది మొత్తంలో అడవి శుభ్రంగా కనిపించే కాలం ఇదే. వానలు వెళ్లిపోయాయి, మబ్బులు లేవు, ఆకు ఇంకా ఉంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దేశంలో అడవి ఎంతుందో లెక్కగట్టి నివేదిక ఇస్తుంది కదా, 1987 నుంచి సుమారు రెండేళ్లకోసారి. వాళ్లు అందుకు తీసుకునేవి అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఫొటోలే. మార్చి ఫొటోతో లెక్కపెడితే నల్లమల లాంటి అడవులు సగం మాయమైనట్టే కనిపిస్తాయి.

మార్చి: గోధుమ రంగు

రెండోసారి మార్చిలో. ఫోన్‌లో నా చదరం పూర్తిగా మారిపోయింది. నవంబరులో ముదురు పచ్చగా ఉన్నదంతా గోధుమ, బూడిద రంగుల్లోకి వచ్చేసింది. ఆ గోధుమ రంగు మధ్యలో సన్నటి ఆకుపచ్చ గీతలు, చేతి మీద నరాల్లా. దగ్గరికి లాగి చూస్తే అవన్నీ వాగులు. వాగులో నీళ్లు కనిపించకపోయినా ఒడ్డున ఉన్న చెట్ల వేళ్లకు తడి అందుతోంది, అందుకే ఆకు నిలబడింది. లోయల్లో, ఉత్తరం వైపు తిరిగి ఎండ తక్కువ పడే వాలుల్లో కూడా పచ్చ ఇంకాస్త మిగిలి ఉంది. ఎండాకాలంలో జింకలు, కణుజులు ఎక్కడుంటాయో చెప్పడానికి ఈ ఒక్క బొమ్మ చాలు. మిగతా చోట్ల అటవీ సిబ్బంది సిమెంటు సాసర్లు కట్టి నీళ్లు నింపుతుంటారు.

వటవర్లపల్లిలో టీ తాగుతుంటే, కారులో వచ్చిన ఒకాయన బయటికి చూసి ‘అడవి మొత్తం చచ్చిపోయింది, చూడ్డానికేముంది ఇక్కడ’ అని విసుక్కున్నాడు. బల్ల చివర కూర్చున్న చెంచు పెద్దాయన ఆ మాట విని నవ్వాడు.

“చావలే సారూ, పండుకున్నది. ఈ ఎండల ఆకు పట్టుకొని కూసుంటే చెట్టే పోతది.” నా వైపు తిరిగి, “కొమ్మ మీద గోరుతోని గీకి చూడు బిడ్డా, లోపల పచ్చగుంటది” అన్నాడు.

నిజమే. రోడ్డు పక్క ఎండుపుల్లలా ఉన్న కొమ్మను గోటితో కొంచెం గీకితే లోపల లేత పచ్చ. ఆకు ఉంటే దాని రంధ్రాల్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. కిందినుంచి నీళ్లు రానప్పుడు ఆ ఖర్చు చెట్టు భరించలేదు. అందుకే ఆకులోని పోషకాల్ని కొంత వెనక్కి లాక్కుని, కాడ దగ్గర తెంచేస్తుంది. రాలడం చెట్టు చేతగానితనం కాదు, అది చెట్టు పెట్టుకున్న పొదుపు.

కొన్ని చెట్లు నీళ్లు దాచుకుంటాయి కూడా. 2024 మార్చిలో పాపికొండల అడవిలో అటవీ సిబ్బంది నల్లమద్ది చెట్టు బెరడు మీద చిన్న గాటు పెడితే నీళ్లు ధారగా కారిన వీడియో గుర్తుందా? మనందరి ఫోన్లలో తిరిగింది. మొసలి చర్మంలాంటి బెరడున్న అదే నల్లమద్ది ఈ నల్లమలలోనూ ఉంది. (దయచేసి మీరెవరూ గాటు పెట్టి చూడకండి.)

మార్చిలో నేల మీద ఉన్నవాళ్లకే దొరికే ఒక బహుమతి ఉంది. మోదుగ పూలు. ఒక్క ఆకు లేని కొమ్మల మీద నిప్పురవ్వల్లాంటి పూలు. ఒక మలుపు తిరిగితే కొండవాలు మీద పది పన్నెండు చెట్లు ఒక్కసారిగా మండుతున్నట్టు కనిపించాయి. ఆ రోజుకు దగ్గర్లో తీసిన ఫొటో తెరిచి అదే వాలుని వెతికాను. మామూలు గోధుమ రంగే. పది మీటర్ల చుక్కలో చెట్టూ, నేలా, ఎండుగడ్డీ, రాయీ అన్నీ కలిసిపోతాయి. అన్నిటి సగటే మనకు వచ్చేది, అందులో మోదుగ మునిగిపోయింది. ఎన్‌డీవీఐ ఆకుని లెక్కపెడుతుంది. పువ్వు దాని లెక్కలో లేదు. అడవికి మాత్రం ఆ పువ్వులే మార్చి నెల తిండి. తేనెటీగలు, పిట్టలు వాటి మీదే బతుకుతాయి. తర్వాత వచ్చే ఇప్పపువ్వు సంగతి ఎలుగుబంట్లనడగాలి.

ఎండుటాకూ, అగ్గిపుల్లా

ఆకు ఒంటి మీద ఉన్నంతసేపూ చెట్టుకి నీడ. కిందపడితే అదే చిమ్నీలో నూనె. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ అడవిలో నాలుగడుగులు వేస్తే మడమ దాకా ఆకు. అందుకే ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు కాలం. మన దేశంలో అడవి మంటల్లో అత్యధికం మనుషుల వల్ల పుట్టేవే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చడం, కొత్త గడ్డి కోసం నిప్పు పెట్టడం, కారులోంచి విసిరిన సిగరెట్ ముక్క. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వేలమంది నడిచేది కూడా ఈ ఎండుటాకు మీదే.

ఇక్కడ ఉపగ్రహం అచ్చంగా కాపలాదారు పని చేస్తుంది. మంటలు పసిగట్టేవి వేరే ఉపగ్రహాలు. వాటి చుక్క చాలా పెద్దది, 375 మీటర్లు. కానీ అవి వేడిని చూస్తాయి, రాత్రిపూట కూడా. చుట్టుపక్కల కన్నా అసాధారణంగా వేడిగా ఉన్న చుక్క కనిపిస్తే, అది ఏ బీట్‌లో ఉందో చూసి, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి అక్కడి సిబ్బంది ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. ఆ తర్వాతి పని ఉపగ్రహానిది కాదు. పచ్చికొమ్మలు విరిచి, బ్లోయర్లు భుజాన వేసుకుని, ఎండలో కొండెక్కి మంటని కొట్టి ఆర్పేది మనుషులే.

అందుకే ‘చచ్చిపోయిన అడవి’ అనే మాట ప్రమాదకరం. చచ్చిందనుకున్నదాని మీద అగ్గిపుల్ల పడేయడానికి ఎవరికీ పెద్దగా మనసు అడ్డురాదు.

మే: వానకు ముందే చిగురు

నాకు బాగా నచ్చిన ప్రయాణం ఇది. మే నెల అడవికి ఎవరెళ్తారని ఇంట్లో తిట్లు కూడా పడ్డాయి. రాళ్లు కాలుతున్నాయి, వాగులు ఎండిపోయాయి, రుతుపవనాలు ఇంకా కేరళనే తాకలేదు. అలాంటి ఎండలో చెట్లు చిగురిస్తున్నాయి!

ఇప్పచెట్టు నిండా రాగి రంగు లేతాకులు. కానుగ మెరిసిపోతోంది. తునికి కొమ్మలకు కొత్తాకు వచ్చేసింది, బీడీలకు పనికొచ్చే ఆకు ఈ కాలంలోనే కోస్తారు. టేకు, అందుగు మాత్రం ‘వాన పడనీ, చూద్దాం’ అన్నట్టు మోడుగానే నిలబడ్డాయి.

ఆసియాలోని రుతుపవన అడవులకున్న వింత ఇది. ఎండలు ముదిరి, పగలు పొడవవుతున్న రోజుల్లో, వాన చుక్క పడకముందే చాలా చెట్లు ఆకేస్తాయి. లోతైన వేళ్లలో, కాండంలో దాచుకున్న నీళ్లతో అప్పుచేసి ఇల్లు కట్టినట్టు. పగటి పొడుగే వాటికి గడియారమని పరిశోధకులు చెబుతారు. వాన వచ్చేసరికి ఆకు సిద్ధంగా ఉంటే మొదటి రోజు నుంచే వంట మొదలెట్టొచ్చు. వానొచ్చాక ఆకేసే చెట్టుకి ఆ కొన్ని వారాలు పోతాయి.

ఉపగ్రహానికి ఇది అరకొరగానే కనిపిస్తుంది. లేతాకులో పత్రహరితం ఇంకా నిండదు కాబట్టి గీత కొద్దిగానే లేస్తుంది. నా మార్చి బొమ్మనీ మే బొమ్మనీ పక్కపక్కన పెడితే గోధుమ రంగులో అక్కడక్కడా లేత మరకలు కనిపించాయి. కింద నడిచి చూసినవాళ్లకి ఆ మరక ఇప్పో కానుగో తెలుస్తుంది. చూడనివాళ్లకి అది మరకే.

ఆగస్టు: తెల్లటి తెర

జూన్ వానలు పడ్డాక ఈ అడవి మారే వేగం నమ్మలేం. కానీ సరిగ్గా అప్పుడే ఫోన్‌లో నా చదరం తెల్లబడిపోయింది. వరసగా ఎన్నో ఫొటోలు, అన్నీ మబ్బులే. ఏడాదిలో అతిపెద్ద మార్పు జరుగుతున్న వారాల్లోనే తెర పడిపోతుంది.

శాస్త్రవేత్తలు దీనికి రెండు దారులు వెతికారు. ఒకటి, రెండు వారాల ఫొటోలు కుప్పపోసి, ఒక్కో చుక్కకు మబ్బు పట్టని మంచి అంకెను ఏరుకోవడం. 2000 నుంచి పనిచేస్తున్న అమెరికా మోడిస్ పరికరం బొమ్మలు ఇలాగే 16 రోజులకొకటి తయారవుతాయి. రెండోది రాడార్. సెంటినెల్-1 తన తరంగాల్ని తనే పంపి, తిరిగొచ్చినవాటిని పట్టుకుంటుంది. దానికి మబ్బూ చీకటీ అడ్డు కావు. కానీ అది రంగు చెప్పదు, ఆకారాన్నీ తడినీ చెబుతుంది.

నేను మాత్రం మూడో దారి పట్టాను, శ్రీశైలం బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది. మార్చిలో కొండ అవతలి కొండ దాకా కనిపించిన చోట ఇప్పుడు పది అడుగుల దూరం కనిపించడం లేదు. టేకు చెట్ల నెత్తిన తెల్లటి పూలగుత్తులు, నలిపితే చేతికి ఎర్రరంగు అంటే లేతాకులు. ‘చచ్చిపోయింది’ అన్నాయన ఇప్పుడు వస్తే ఇదే రోడ్డని గుర్తుపట్టలేడు.

పచ్చగా ఉన్నదల్లా అడవి కాదు

ఏడాది బొమ్మలు పక్కపక్కన పెట్టుకుంటే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. మార్చిలో, మేలో కూడా పచ్చగానే ఉండే చోట్లు కొన్ని ఉంటాయి. వాగులైతే సరే. గీత గీసినట్టు నలుచదరంగా ఉంటే? అది జామాయిల్ తోట కావచ్చు. చెరువు గర్భంలోనో బీడులోనో గుబురుగా ఉంటే? సర్కారు తుమ్మ కావచ్చు. చెట్లు ఆకురాల్చాక కూడా కింది పొద పచ్చగా మిగిలితే? దేశంలోని పులుల అడవుల్లో విస్తారంగా పాకిపోయిన లాంటానా కావచ్చు.

మార్చి నెల ఒక్క ఫొటో చూసి మార్కులేస్తే జామాయిల్ తోటకు ఫస్ట్ క్లాసు, నల్లమలకు ఫెయిల్. ఎన్ని పిట్టలు, ఎన్ని జంతువులు దేన్లో బతుకుతాయో ఆ మార్కుల్లో ఉండదు. అటవీ విస్తీర్ణపు లెక్కల్లో కూడా హెక్టారుకు మించిన జాగాలో చెట్ల నీడ పది శాతం దాటితే చాలు, ఏ చెట్టన్నది చూడరు. రెండింటినీ విడదీసి చూపేది ఏడాది గీతే. తోట గీత దాదాపు బల్లపరుపు. నల్లమల గీత పడుతుంది, లేస్తుంది. ఇక్కడ పడి లేవడమే ఆరోగ్యం.

అసలు ఆట ఒక ఏడాదితో అయిపోదు. ల్యాండ్‌శాట్ 1972 నుంచి ఫొటోలు తీస్తోంది, 2008 నుంచి అవి అందరికీ ఉచితమయ్యాయి. మన ఐఆర్‌ఎస్-1ఏ 1988లో ఎగిరింది. ఆ వరసలో వచ్చిన మన ఉపగ్రహాల డేటాని దించుకునే యాంటెన్నాలు మన షాద్‌నగర్‌లోనే ఉన్నాయి. వాన ఆలస్యమైన ఏడు చిగురు ఎన్ని రోజులు వెనక్కి జరిగింది? 1901 తర్వాత దేశంలో అంత పొడి ఆగస్టు లేదన్న 2023లో నల్లమల గీత ఎలా ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే పాత బొమ్మలన్నీ అక్కడే ఉన్నాయి. మోదుగ ఏ వారం పూసింది, ఇప్ప ఎప్పుడు చిగురించింది అని కింద ఒకరు తేదీ రాసి పెడితేనే ఆ గీతకు అర్థం వస్తుంది. ఆ పని చేయడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. మీ కాలేజీ ముందున్న చెట్టుతో మొదలెట్టినా చాలు.

మీరూ చూడాలంటే

ఫోన్‌లో: బ్రౌజర్‌లో ‘కోపర్నికస్ బ్రౌజర్’ అని వెతకండి. సెంటినెల్-2 ఎంచుకుని మన్ననూరు దగ్గర ఆగండి. నవంబరు, మార్చి, మే నెలల్లో మబ్బు తక్కువున్న తేదీలు చూడండి. మామూలు రంగుల బొమ్మ, ఎన్‌డీవీఐ బొమ్మ రెండూ మార్చి మార్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఇస్రో వాళ్ల ‘భువన్’ కూడా ఉచితమే. ఫోన్‌లో కొంచెం ఇరుకు, ల్యాప్‌టాప్ అయితే హాయి.

దారి: హైదరాబాద్ నుంచి మన్ననూరు దాదాపు 140 కిలోమీటర్లు. శ్రీశైలం వెళ్లే ఆర్టీసీ బస్సులన్నీ ఈ దారినే వెళ్తాయి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలో రోడ్డు మూసేస్తారు. ఫర్హాబాద్ సఫారీ వానాకాలంలో ఉండదు, ముందే కనుక్కుని బయల్దేరండి.

ఎప్పుడు: వానలప్పుడు అందరూ వెళ్తారు. మీరు ఒకసారి మార్చిలో వెళ్లండి, మోదుగ కోసం. టోపీ, నీళ్లు తప్పనిసరి. అగ్గిపెట్టె, లైటర్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి.